పింక్ ఫ్లాగ్: 21 పాటలు, 35 నిమిషాలు, అనంతపురంలో ఐదుగురి గొడవ

ముందే చెప్పేస్తున్నా, వైర్ అనే లండన్ బ్యాండ్ 1977 చివర్లో వదిలిన 'పింక్ ఫ్లాగ్' అనే రికార్డు నాకు పిచ్చ ఇష్టం, కాబట్టి ఈ రివ్యూలో నిష్పక్షపాతం వెతక్కండి. 21 పాటలు. అన్నీ కలిపి 35 నిమిషాలు. అందులో ఒకటి 28 సెకన్లే. మన సినిమా పాటల్లో పల్లవి ఎత్తుకునే ముందు వచ్చే మ్యూజిక్కే ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు వస్తుంది. అందుకే నేను దీన్ని ఎవరికి వినిపించినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే, ఇవి పాటలా, లేక పాటలు కొనే ముందు చూపించే శాంపిళ్ళా అని. ఆ ప్రశ్నకు నా దగ్గర ఒక సమాధానం ఉంది గానీ, ఒక్కడినే చెబితే వీడికి ఇంగ్లీషు పాటల పిచ్చి అని కొట్టిపారేస్తారు, కాబట్టి మా ఊళ్ళో దీన్ని విన్న ఐదుగురు ఏమన్నారో కూడా కలిపి రాస్తున్నా. అందరూ మెచ్చుకోలేదు. ఒకాయన అయితే మధ్యలోనే లేచిపోయాడు.

ఇంకో విషయం, గులాబీ జెండా అనగానే మీకు హైదరాబాద్ రాజకీయాలు గుర్తొస్తే తప్పు మీది కాదు. అట్ట మీద నీలం ఆకాశం, ఒక జెండా స్తంభం, దాని మీద గులాబీ రంగు జెండా. మా చెల్లెలు ఫోన్లో ఆ బొమ్మ చూడగానే "ఇదేంది అన్నా, పార్టీ పాటలు వింటున్నావు" అంది. ఆ పార్టీ పుట్టడానికి ఇంకా 24 ఏళ్ళ ముందే ఈ రికార్డు వచ్చేసిందని చెప్పినా నమ్మకుండా పైకీ కిందికీ చూసింది.

బ్యాండ్ గురించి కొంచెం. 1976లో లండన్లో మొదలైంది. పాడేది కోలిన్ న్యూమన్, గిటార్ బ్రూస్ గిల్బర్ట్, బేస్ గ్రాహమ్ లూయిస్, డ్రమ్స్ రాబర్ట్ గోటోబెడ్. వీళ్ళు సంగీతం పద్ధతిగా నేర్చుకుని వచ్చినవాళ్ళు కాదు, ఆర్ట్ కాలేజీల వాసన ఎక్కువ. గిల్బర్ట్ అప్పటికే ముప్పై దాటినవాడు, బొమ్మలు వేసేవాడు. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు అరుస్తూ దూకే పంక్ అనే రాక్ మ్యూజిక్ కాలంలో ఈ వయసు మనిషి గిటార్ పట్టుకుని కదలకుండా నిలబడటం అంటేనే వీళ్ళ లెక్క వేరు అని అర్థమవుతుంది. లండన్లో రాక్సీ అనే పంక్ క్లబ్బులో వాయించినవి రికార్డు చేసి 1977లో ఒక లైవ్ ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) వేశారు, అందులో వీళ్ళవి రెండు పాటలున్నాయి. ఆ పనిలో ఉన్న మైక్ థార్న్ అనే ప్రొడ్యూసరే తర్వాత 'పింక్ ఫ్లాగ్' కూడా చేయించాడు. వేసిన కంపెనీ హార్వెస్ట్, అంటే ఈఎంఐ వాళ్ళదే, పింక్ ఫ్లాయిడ్ రికార్డులు వేసిన లేబుల్. ఒక్కో పాటను ఇరవై నిమిషాలు సాగదీసే బ్యాండ్ ఉన్న ఇంట్లోనే అర నిమిషం పాటల బ్యాండ్ కూడా పుట్టిందన్న మాట.

ఇక పాటల పొట్టితనం సంగతి. మాటలు అయిపోతే పాట ఆపేయడమే అప్పట్లో తమ పద్ధతి అని బ్యాండ్ వాళ్ళే తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. రాసుకున్నది ఒక చరణమే ఉంటే ఒక చరణమే పాడతారు. పల్లవి మళ్ళీ పాడాలి, మధ్యలో గిటార్ సోలో రావాలి, చివర్లో నాలుగుసార్లు తిప్పి తిప్పి మెల్లగా సౌండ్ తగ్గించాలి లాంటి మర్యాదలేవీ పాటించరు. వినేవాడికి అలవాటైన చోట్ల పాట ఉండదు, పాట ఉన్న చోటికి వినేవాడే పోవాలి.

దీన్ని మొదట వినిపించింది మా పాతూరు వైపు ఉండే ఒక అన్నకు. ఆర్కెస్ట్రాలో ప్యాడ్, అంటే ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వాయిస్తాడు, పెళ్ళిళ్ళ సీజన్లో మనిషి దొరకడు, మిగతా టైంలో సుభాష్ రోడ్ దగ్గర టీ బంకు ముందు కూర్చుని ఉంటాడు. ఇయర్‌ఫోన్లు ఒకటి ఆయనకు, ఒకటి నాకు. మొదటి పాట 'రాయిటర్స్' అయిపోయింది, తల ఊపాడు, బాగానే ఉందన్నట్టు. రెండో పాట 'ఫీల్డ్ డే ఫర్ ది సండేస్', అదే ఆ 28 సెకన్లది, వచ్చింది, పోయింది. అన్న ఇయర్‌ఫోన్ తీసి చూశాడు.

"ఏమప్పా, ఆగిపోయిందే. నెట్టు పోయిందా?"

"లేదన్నా, పాట అయిపోయింది."

"అయిపోయిందా? యాడ మొదలైంది అసలు?"

ఇంతలోనే మూడోది, 'త్రీ గర్ల్ రంబా' మొదలైపోయింది. ఇది వినాలి మీరు. గిటార్ ఒకే చిన్న ముక్కను కొట్టి ఆపుతుంది, మళ్ళీ కొట్టి ఆపుతుంది, ఆ ఆపిన సందులో నిశ్శబ్దం కూడా తాళంలో కలిసిపోయి ఉంటుంది, బేస్, డ్రమ్స్ వచ్చి చేరాక కూడా ఆ తెంపు తెంపుగా నడిచే నడక పోదు. అన్న వేళ్ళు టీ గ్లాసు మీద కదలడం మొదలుపెట్టాయి. నిమిషం ఇరవై సెకన్లకు అదీ అయిపోయింది. ఈసారి నెట్టు గురించి అడగలేదు, మళ్ళీ పెట్టమన్నాడు. రెండోసారి విన్నాక ఆయన చెప్పింది మాత్రం నేను ఎన్ని ఇంగ్లీషు రివ్యూలు చదివినా నాకు తట్టని విషయం.

"వీడు రోల్ కొట్టడం లేదు చూడు. మేమైతే లైను లైనుకూ ఒక రోల్ ఏస్తాం, ఎందుకంటే చేతులు ఊరికే ఉండవు. ఈయప్ప చేతులు కట్టేసుకుని వాయిస్తున్నాడు. అది శానా కష్టమప్పా. ఇంక ఆపేది చూసినావా, నలుగురూ ఒకేసారి ఆపినారు. మా ఊరి చెక్కభజనలో గురువు కాలు తట్టి సైగ చేస్తే ఇరవై మంది చెక్కలు ఒక్కసారి నిలబడిపోతాయే, అట్లుంది."

డ్రమ్మర్ గోటోబెడ్ గురించి ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఈ రికార్డంతా ఆయన తన వాయింపు చూపించుకోడానికి ఒక్క చోట కూడా ప్రయత్నించినట్టు అనిపించదు. తాళం తిన్నగా పోతుంది, ఆగాల్సిన చోట ఆగుతుంది. దాని పైన గిటార్లు పొడిగా, ఎకో పెద్దగా లేకుండా, స్టూడియో గోడల మధ్య మన పక్కనే నిలబడి వాయిస్తున్నట్టు వినిపిస్తాయి. న్యూమన్ గొంతు అందంగా ఉంటుందని చెప్పను. లండన్ యాసలో, ముక్కుతో కొంచెం, వెక్కిరిస్తున్నాడా సీరియస్‌గా అంటున్నాడా తెలియకుండా పాడతాడు. అది కొంతమందికి ఎక్కదు. అన్నకూ ఎక్కలేదు. "వాయించేవాళ్ళు బాగున్నారు, పాడేటోణ్ణి మార్చమను" అన్నాడు. నలభై ఏళ్ళు దాటిన రికార్డుకు ఇప్పుడు సింగర్‌ను ఎక్కడ మారుస్తాం.

రెండో శ్రోత మా మామ. ఈయన కథ వేరే. చాలాకాలం ఒక తెలుగు పేపర్‌కు మండల విలేకరిగా పని చేశాడు, ఫ్యాక్సులు రాకముందు వార్తలను కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చి అనంతపురం ఆఫీసుకు పంపిన తరం. ఆయనకు రాక్ మ్యూజిక్ అంటే అసలు పడదు, కానీ మొదటి పాట పేరు 'రాయిటర్స్', అదే ఆ పెద్ద వార్తా ఏజెన్సీ పేరు, అని చెప్పగానే కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆ పాట ఒక విదేశీ విలేకరి తన ఆఫీసుకు పంపే రిపోర్టు. తానున్న చోట పరిస్థితి బాగాలేదని, గొడవలు ముదురుతున్నాయని, ఏజెన్సీ కాపీలో ఉండే ఆ చలనం లేని భాషలోనే మొదలై, బేస్ బరువు పెరుగుతూ, గిటార్లు దగ్గరకొస్తూ, చివరికి యుద్ధంలో ఆడవాళ్ళ మీద జరిగే అఘాయిత్యాన్ని ఒకే ఒక్క మాటగా మళ్ళీ మళ్ళీ పలుకుతూ ఆగుతుంది. వినడానికి ఇబ్బందిగా ఉంటుంది, ఇంట్లో పెద్ద సౌండ్‌తో పెట్టేటప్పుడు చూసుకోండి. నాకు ఆ ముగింపు గురించి ఇప్పటికీ పూర్తిగా కుదరదు, అది భయపెట్టడానికి పెట్టారా, విషయానికి కావాలనే పెట్టారా అని.

మామ మాత్రం తడుముకోలేదు. "అల్లుడూ, ఏజెన్సీ వార్తలో అసలు సంగతి ఆ చివరి లైన్లోనే ఉంటుంది. డెస్కులో జాగా లేదని కింది నుంచి కొట్టేసుకుంటూ వస్తారు, ముందు పోయేది ఆ లైనే. వీళ్ళు దాన్ని ఉంచినారు."

తర్వాత రెండో పాట, 28 సెకన్లది. అది ఆదివారం వచ్చే చిల్లర పేపర్ల మీద, మనుషుల సొంత బతుకులు బజారున పెట్టి అమ్ముకునే రకం పేపర్ల మీద. దీనికి మామ పెద్దగా నవ్వాడు. వరసగా రెండు పాటలూ వార్తల గురించే, ఒకటి యుద్ధం వార్త, ఒకటి చెత్త వార్త, మొదటిదానికి మూడు నిమిషాలు, రెండోదానికి అర నిమిషం కూడా ఇవ్వలేదు అని ఆయన అనేదాకా నేను ఆ లెక్క వేసుకోలేదు. ఇంకోటి కూడా అన్నాడు. "మాకు లైన్ అకౌంట్ ఉండేది కదా, రాసిన కొలతను బట్టి డబ్బులు. కాబట్టి ఎద్దు బావిలో పడినా మేం అర కాలమ్ సాగదీసేవాళ్ళం. వీళ్ళకు లైన్ అకౌంట్ లేనట్టుంది." నేను ఈ రికార్డు గురించి చెప్పాలనుకున్నదంతా అదే. సాగదీస్తే వచ్చే లాభం వీళ్ళు వద్దనుకున్నారు. అందుకే పొట్టి పాట అర్ధాంతరంగా తెగినట్టు కాకుండా, చెప్పాల్సింది చెప్పేసి లేచిపోయినట్టు ఉంటుంది, అదే లెక్కన చెప్పాల్సింది ఎక్కువున్న చోట నాలుగు నిమిషాల దాకా కూడా కూర్చుంటారు.

ఈ మాట రుజువు కావాలంటే మొదటి వైపు మొత్తం ఒకసారి ఆపకుండా వినండి. ఎల్పీ లెక్కలో ఎ సైడ్, పది పాటలు. మొదట 'రాయిటర్స్', చివర రికార్డు పేరే ఉన్న 'పింక్ ఫ్లాగ్'. రెండూ పొడుగువి, రెంటిలోనూ యుద్ధం వాసన. వాటి మధ్య ఎనిమిది పాటలు, 'బ్రెజిల్' 41 సెకన్లు, 'ఇట్స్ సో ఆబ్వియస్' 53 సెకన్లు, ఇలా దూసుకుపోతాయి, ఒక్క 'లోడౌన్' మాత్రం కావాలని వేగం తగ్గించి, ఒక బరువైన గిటార్ ముక్కను నేల మీద ఈడ్చుకుంటూ పోతుంది. 'ఎక్స్ లయన్ టేమర్' అని ఒకటుంది, టీవీకి అతుక్కుపోయి కూర్చున్న మనిషి గురించి, దాని ట్యూన్ మీరు వద్దన్నా రోజంతా బుర్రలో తిరుగుతుంది. ఇట్లా పరుగెత్తి పరుగెత్తి వచ్చాక 'పింక్ ఫ్లాగ్' పాటలో దాదాపు ఒకే కార్డ్ (గిటార్ మీద కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి కొట్టేది) పట్టుకుని కొడుతూనే ఉంటారు. ముప్పై సెకన్లకే ఆగిపోయే పాటలకు మన చెవి అలవాటు పడిపోయి ఉంటుంది కదా, ఇది ఆగదు. ఇంక ఆగుతుంది అనుకున్న చోట ఇంకొంచెం బిగిస్తారు, చివరి నిమిషంలో గొంతులు, డ్రమ్స్, గిటార్లు అన్నీ మీద పడిపోయి కుప్పకూలుతుంది. ఈ పాటను విడిగా ప్లేలిస్ట్‌లో పెట్టి వింటే ఏముంది ఇందులో అనిపిస్తుంది. తొమ్మిది పాటల తర్వాత వింటేనే దాని పని.

అందుకే షఫుల్‌లో, అంటే వరస కలిపేసి, పెట్టకండి. మూడో శ్రోత మా చెల్లెలు చేసింది అదే. జేఎన్‌టీయూలో చదువుతోంది, కాలేజీ బస్సులో వింటానని లింకు తీసుకుంది, సాయంత్రం వచ్చి "అన్నీ రీల్స్ మాదిరి ఉన్నాయి అన్నా, ఒకటీ గుర్తు లేదు" అంది. రీల్ అంటే ఎక్కడో ఉన్న పొడుగు పాటలో కాస్త బాగున్న ముక్కను కోసి పెట్టడం, ఇవి కోసినవి కావు, పుట్టిందే ఇంత అని వాదించాను గానీ ఆమె ఒప్పుకోలేదు, వినే మాకు తేడా ఏముంది అంటుంది. సరే, అదీ ఒక అభిప్రాయమే, రాయాలి కదా. పైగా ఆమెది డబ్బు కట్టని ఫ్రీ యాప్. రెండు మూడు పాటలకు ఒక యాడ్. పాట 43 సెకన్లు, యాడ్ అంతకంటే ఎక్కువ. మొత్తం రికార్డులో ఆమెకు బాగా గుర్తున్నది ఒక ఇన్సూరెన్స్ యాడే అని నాకు అనుమానం. అన్నట్టు రెండో వైపు మొదటి పాట పేరే 'ది కమర్షియల్', అంటే యాడ్, మాటల్లేకుండా ఉత్త వాయిద్యాలతో 49 సెకన్లు, దాని ముందో వెనకో నిజం యాడ్ వస్తే ఎవడికి తెలుస్తుంది తేడా.

నాలుగోవాడు నా స్నేహితుడు, బెంగళూరులో ఉద్యోగం, శనివారాలు ఊరికొస్తాడు, హెవీ మెటల్ అనే గట్టి రాక్ తప్ప ఇంకోటి వినడు. సప్తగిరి సర్కిల్ నుంచి బైపాస్ దాకా కార్లో పెట్టా. మధ్యలో లేచిపోయిన పెద్దమనిషి అని మొదట్లో అన్నది ఈయన గురించే, సరిగ్గా చెప్పాలంటే కారు ఆపి దిగి సిగరెట్ పట్టుకుని నిలబడ్డాడు. సోలో లేదు, బేస్ ఊపదు, ఆంప్లిఫయర్ కొనడానికి డబ్బుల్లేనట్టుంది సౌండ్ అన్నాడు. ఊఫర్ పెట్టించుకున్న కార్లో ఈ రికార్డుకు నిజంగానే ఏమీ ఒరగదు, ఆ మాట వరకు వాడు కరెక్ట్. ఇది పంకా, దాని తర్వాత వచ్చిన పోస్ట్ పంకా అని కూడా కాసేపు గొడవపడ్డాం. వచ్చింది పంక్ మంచి ఊపు మీదున్న 1977లో, స్పీడూ పంక్‌దే, కానీ పంక్ వాళ్ళలాగా నాలుగు అరుపులు అరిచి కోపం దించుకుని పోవడం కాకుండా, పాట అంటే ఎంత ఉండాలి, ఎలా ఉండాలి అని పాట లోపలే అడగడం మొదలుపెట్టారు కాబట్టి దీన్ని పోస్ట్ పంక్ మొదటి రికార్డుల్లో లెక్కేస్తారు. నాకైతే ఏ డబ్బాలో వేసినా ఒకటే.

అయితే ఈ మెటల్ మనిషికి కూడా ఒక విషయం చెబితే కొంచెం చల్లబడ్డాడు. ఈ రికార్డు అప్పట్లో పెద్దగా అమ్ముడుపోయింది కాదు, కానీ దీన్ని విన్నవాళ్ళు ఊరుకోలేదు. 'స్ట్రేంజ్' పాటను అమెరికా బ్యాండ్ ఆర్.ఈ.ఎం. 1987లో తమ 'డాక్యుమెంట్' ఆల్బంలో మళ్ళీ పాడారు. చివరి పాట '12ఎక్స్‌యూ'ను వాషింగ్టన్‌లో హార్డ్‌కోర్, అంటే ఇంకా వేగమైన పంక్, వాయించే మైనర్ థ్రెట్ అనే బ్యాండ్ కుర్రాళ్ళు ఎత్తుకుని ఇంకా స్పీడుగా వాయించారు. కాలిఫోర్నియాలో మినిట్‌మెన్ అనే బ్యాండ్ పొట్టి పాటలు కట్టడానికి ధైర్యం వీళ్ళ దగ్గరే తెచ్చుకుంది. ఇంక 'త్రీ గర్ల్ రంబా' గిటార్ ముక్క ఉంది కదా, మా ప్యాడ్ అన్న గ్లాసు మీద కొట్టింది, అది 1994లో ఎలాస్టికా అనే బ్యాండ్ హిట్ పాట 'కనెక్షన్'లో దాదాపు అచ్చంగా వినబడుతుంది. విషయం లాయర్ల దాకా పోయి, కోర్టు బయట సెటిల్ అయింది. వాడు ఆ రెండూ పక్కపక్కన విని "దొంగలు" అని తీర్పిచ్చాడు, మన సినిమా ట్యూన్ల మీద పెరిగిన మనం ఆ మాట అనడానికి కొంచెం ఆలోచించుకోవాలేమో.

ఇప్పుడు నాకు నచ్చనివి. రెండో వైపు పదకొండు పాటలు, మొదటి వైపు అంత గట్టిగా కట్టినట్టు అనిపించవు. 'స్ట్రెయిట్ లైన్', 'డిఫరెంట్ టు మీ' రెండూ ముప్పావు నిమిషం పాటలు, విన్న వెంటనే ఏది ఏదో చెప్పమంటే నేను కూడా తడబడతా. మాటలు అయిపోయాయని ఆపడం మంచిదే గానీ, కొన్నిచోట్ల ఆ మాటల్లోనే పెద్ద సరుకు లేదు. 'చాంప్స్' కూడా నాకు ఊరికే పరుగే. 'మిస్టర్ సూట్' అని ఆఫీసు బాసులను తిట్టే పాట ఒకటుంది, వద్దు వద్దు అని అరవడమే దాని పని. మామూలు పంక్ బ్యాండ్ అయినా రాయగలిగే పాట అది, కాకపోతే సోమవారం పొద్దున బాగా పనికొస్తుంది, అంతవరకు నేను మొహమాటం లేకుండా వాడుకుంటున్నా.

అదే వైపు మధ్యలో మాత్రం మూడు పాటలు వరసగా ఉన్నాయి, వాటికోసం మిగతాదంతా క్షమించొచ్చు. 'స్ట్రేంజ్', 'ఫ్రజైల్', 'మానెక్విన్'. మొదటిది రికార్డులో అన్నిటికంటే పొడుగు, నాలుగు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ. ఇక్కడ ఏదో తేడాగా ఉందే అనే ఒక అనుమానం, దాన్ని గిటార్ గరగర మీద మెల్లగా నడిపిస్తారు, ఏమీ జరగదు, అదే దాని భయం. మా ప్యాడ్ అన్నకు ఇది అస్సలు నచ్చలేదు, "ఇంత పొడుగెందుకు" అన్నాడు, చూడండి, 28 సెకన్ల పాటకు మొదలే కాలేదన్న మనిషి అరగంట తిరిగేసరికి నాలుగు నిమిషాలు ఎక్కువ అంటున్నాడు! ఆ బరువంతా మోసి దించాక 'ఫ్రజైల్' వస్తుంది, నిమిషం పదహారు, పద్దెనిమిది సెకన్లు ఉంటుంది, తీపిగా, దాదాపు ప్రేమ పాట. దాని వెనకే 'మానెక్విన్', వెనక గొంతులు కలిపి పాడే రాగం చక్కగా ఉంటుంది గానీ మాటలు మాత్రం ఒక మనిషిని నిలబెట్టి నువ్వొక బొమ్మవి, నీలో ఏమీ లేదు అని తిట్టడం. మా ఇంట్లో మా ఆవిడకు ఈ రికార్డులో నచ్చింది ఇదొక్కటే, ఆమె ఐదో శ్రోత. వంట చేస్తూ వింది, ట్యూన్ పాడుకుంది కూడా. మాటల అర్థం చెప్పాక "ఇంత మంచి ట్యూన్లో అన్ని తిట్లా" అని, కాసేపాగి, "అయినా ఫర్వాలేదు, తిట్టేటప్పుడు ఇట్లా రాగంగా తిడితే ఎదుటివాళ్ళకు లేటుగా తగుల్తుంది" అంది. అది నన్ను ఉద్దేశించి కాదనే అనుకుంటున్నా.

చివరి పాట '12ఎక్స్‌యూ' గురించి ఎక్కువ రాయను. ఇదిగో మళ్ళీ వచ్చింది అన్నట్టు పాట పేరు నోటితో చెప్పి, లెక్క పెట్టి, రెండు నిమిషాల లోపే ముగించేస్తారు. స్టూడియోలో కాకుండా ఏదో చిన్న హాల్లో ఎదురుగా నిలబడి వింటున్నట్టు ఉంటుంది. ఊళ్ళో లలిత కళా పరిషత్ మెట్ల మీద కూర్చుని ఇది వింటూ, ఇలాంటి బ్యాండ్ ఒకటి ఇక్కడి స్టేజీ ఎక్కితే మైకు సెట్టు అన్న కేబుళ్ళు సర్దుకునేలోపే ప్రోగ్రాం అయిపోతుంది కదా అనిపించింది.

వినాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. పాత సీడీల్లో, కొన్ని ఆన్‌లైన్ వెర్షన్లలో చివర 'డాట్ డ్యాష్', 'ఆప్షన్స్ ఆర్' అని రెండు పాటలు అదనంగా తగిలించి ఉంటాయి. పాటలుగా మంచివే, 'డాట్ డ్యాష్' అయితే నాకు ఈ రికార్డులోని సగం పాటలకంటే ఇష్టం, కానీ అవి ఈ రికార్డువి కావు, '12ఎక్స్‌యూ' కొట్టిన దెబ్బను పాడు చేస్తాయి. 2006లో బ్యాండ్ వాళ్ళే మళ్ళీ రిమాస్టర్ చేసి, అంటే సౌండ్ సరిచేసి, వదిలినప్పుడు వాటిని తీసేసి 21 పాటలకే ఉంచారు, అది వినండి. 2018లో వచ్చిన పెద్ద ఎడిషన్‌లో డెమోలు, అంటే ముందు చేసుకున్న ట్రయల్ రికార్డింగులు, అవీ ఉన్నాయి, అవి పిచ్చి ముదిరాక చూసుకోవచ్చు. యాప్‌లో ఒక పాట చివర ఇంకో పాట మొదలు కలిపేసే సెట్టింగ్ ఉంటుంది, క్రాస్‌ఫేడ్ అంటారు, దాన్ని కచ్చితంగా ఆఫ్ చేయండి. పది సెకన్ల క్రాస్‌ఫేడ్ పెట్టుకుంటే ఆ 28 సెకన్ల పాటకు అటు పది, ఇటు పది పోయి మీకు మిగిలేది ఎనిమిది సెకన్లు. ఇంపోర్ట్ ఎల్పీ కొనాలంటే వేలల్లో అవుతుంది, మా ఊళ్ళో అయితే ఎల్పీ అమ్మే షాపే నాకు కనబడలేదు, తెప్పించుకోవాల్సిందే, అట్ట బొమ్మ గోడకు పెట్టుకునే సరదా ఉంటే తప్ప ఆ ఖర్చు అక్కర్లేదు. స్పీకర్ కంటే మామూలు వైరు ఇయర్‌ఫోన్లలో బాగుంటుంది, ఎందుకంటే గిటార్లు విడివిడిగా ఏం చేస్తున్నాయో వినబడుతుంది. బస్సులో వినేవాళ్ళకు ఇంకో సౌకర్యం, ధర్మవరం బస్సెక్కితే దిగేలోపు మొత్తం రికార్డు అయిపోయి మొదటి వైపు ఇంకోసారి కూడా వినొచ్చు.

ఇది మరీ పొడిగా ఉంది అనిపిస్తే వదిలేయకుండా 1978లో వచ్చిన 'చెయిర్స్ మిస్సింగ్' పెట్టి చూడండి. అదే మనుషులు, అదే ప్రొడ్యూసర్, కానీ కీబోర్డులు వచ్చి చేరాయి, పాటలు కాస్త నిదానించాయి, శబ్దంలో లోతు పెరిగింది. దాని తర్వాతి ఏడాది '154'. మూడిట్లో ఏది గొప్పది అని వైర్ అభిమానుల మధ్య తెగని పంచాయితీ ఒకటి నడుస్తూ ఉంటుంది. నా ఓటు మొదటిదానికే, అయినా కొత్తవాళ్ళకు మధ్యది సుళువు.

మార్కులంటారా, ఐదుకు నాలుగు. సగం మార్కు 'చాంప్స్'కూ, ముప్పావు నిమిషం తుక్కుకూ తీశా, మిగతా సగం మా ప్యాడ్ అన్న ఒత్తిడి మీద, ఆ సింగర్ కోసం.